నిద్రమత్తులో నాడి చూశాను

అప్పట్లో నేను ఢిల్లీలో నర్సును. మా పెళ్లిరోజున నైట్ డ్యూటీ దిగేసరికి, పగటి నర్సు రాలేదని ఆ డ్యూటీ కూడా నాకే పడింది. సాయంత్రం ఇంటికెళ్లి పడుకుంటానన్నా వినకుండా మావారు సాకేత్‌లో కొత్తగా తెరిచిన పిజ్జా హోటల్‌కి తీసుకెళ్లారు. ఇటలీలో నేపుల్స్ వాళ్లలాగే అక్కడ కట్టెల పొయ్యిలో కాలుస్తారట.

ఆ పొయ్యి వెచ్చదనానికి కూర్చున్నచోటే కళ్లు మూతలు పడ్డాయి. పిజ్జా తయారైందని వంటవాళ్లు గంట కొట్టగానే, వార్డులో ఎవరో పిలుస్తున్నారనుకుని దిగ్గున లేచాను. పక్క టేబుల్ దగ్గర భార్యతో కూర్చున్న పెద్దాయన చెయ్యి పట్టుకుని నాడి చూడసాగాను. చుట్టూ నవ్వులు.

"మేరీ, ఏంటిది? ఇలా రా!" అని మావారు గుసగుసలాడారు.

తెలివొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. కానీ ఆ చెయ్యి వదల్లేకపోయాను. నాడి ఆగి ఆగి కొట్టుకుంటోంది.

"అంకుల్, తబియత్ ఠీక్ హై?" అని ఒంట్లో ఎలా ఉందో అడిగాను.

ఆయన భార్య వైపు చూసి, "పొద్దుట్నుంచీ కళ్లు తిరుగుతున్నాయమ్మా. ఈవిడ కంగారుపడుతుందని చెప్పలేదు" అన్నారు హిందీలో.

వెంటనే వాళ్ల కారులోనే మా ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టర్లు ఆయన్ని లోపలికి తీసుకెళ్లాక, ఏడుస్తున్న ఆంటీని ఓదారుద్దామని పక్కన కూర్చున్నాను. ఎప్పుడు నిద్రపోయానో తెలియదు. మెలకువ వచ్చేసరికి నా తల ఆవిడ ఒళ్లో ఉంది. ఆయన ప్రాణానికి ప్రమాదం తప్పిందని డాక్టరు చెప్పి వెళ్లారట.

"నన్ను లేపొచ్చు కదా ఆంటీ?" అన్నాను.

ఆవిడ నా జుట్టు సవరిస్తూ, "ఇంకాసేపు పడుకో బేటీ" అన్నారు.