సంపూర్ణమ్మ తిప్పి చూడమన్న నక్షత్రం

వన్ టౌన్ కోడిగుడ్ల గోడౌన్‌లో సంపూర్ణమ్మ ముప్పై ఏళ్లుగా గుడ్లను బల్బు ముందు పెట్టి, మచ్చలున్నవి ఏరి పారేస్తోంది. చదువు రెండో తరగతి. నోరు మాత్రం ఎమ్మే.

మనవరాలు వినీలకు కాలేజీలో ప్రాజెక్టు ఇచ్చారు. అంతరిక్షంలోని టెలిస్కోపు నక్షత్రాల వెలుగును గీతలుగా పంపుతుంది. నక్షత్రానికి అడ్డంగా గ్రహం వెళితే వెలుగు తగ్గి గీతలో సొట్ట పడుతుంది. వినీలకు అలాంటి సొట్ట ఒకటి దొరికింది. సారు చూసి, "చెత్త, తీసెయ్" అన్నాడు. సాయంత్రానికల్లా దొరికిన సొట్టల జాబితా పంపాలి. తీసెయ్యడానికి ఆ పిల్లకు చేతులు రావడం లేదు.

"మీ సారు గుడ్డును తిప్పి చూడడేమే?" అంది సంగతంతా విన్న సంపూర్ణమ్మ. "ఒక్కసారే కనబడితే బల్బు మీద దోమ. తిప్పినప్పుడల్లా కనబడితే లోపల మచ్చున్నట్టే."

వినీల పాత నెలల గీతలు కూడా తెరిచింది. పదకొండు రోజులకోసారి అదే సొట్ట, అంతే లోతు. జాబితాలో మొదటే పెట్టి పంపింది.

మర్నాడు సారు మెత్తబడ్డాడు. "గ్రహమే కావచ్చు, పెద్ద శాస్త్రవేత్తలకు పంపుదాం" అన్నాడట.

"పేరేం పెట్టారు?"

"ఇంకా తేలలేదు నాయనమ్మా. ఇప్పటికి నంబరే."

"రేషన్ కార్డు మీదైనా నంబరు పక్కన పేరుంటుంది. సరేలే, మీ సారు పేరు మాత్రం పెట్టనివ్వకు. తిప్పకుండా పారేసే మనిషి."