ఉత్త మడిలో గొర్రెల మంద

సున్నా అంటే మంట లేదని, పది అంటే ఇక భరించలేనని. రోజూ సాయంత్రం దీపం పెట్టే వేళకి నా అరికాళ్ల మంట ఎంతుందో చూసుకుని, ఆ రెండింటి మధ్య ఒక అంకె ఎంచుకుని, ఆస్పత్రి వాళ్లిచ్చిన నీలం అట్ట పుస్తకంలో రాయాలి. రాసిన పేజీని ఫోటో తీసి ఫోన్లో పంపాలి. నాకు అప్పగించిన పని అంతే. ముప్పై ఏళ్లకు పైగా మట్టికి అంకెలు వేసి జీతం తీసుకున్నదాన్ని, ఇదీ ఒక పనేనా అనుకున్నాను. ఆ చిన్న పనిలోనే తప్పు చేశాను. తెలిసి చేశాను.

మట్టి పరీక్షల శాస్త్రవేత్తగా రిటైరై నాలుగేళ్లయింది. మాది గుంటూరు వైపు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే మొదట్లో ఏదో ఒకటి చెప్పేదాన్ని, తర్వాత్తర్వాత కసురుకునేదాన్ని. ఇప్పుడు అడిగేవాళ్లే లేరు. ముక్కు మీద కోపం ఉన్న మనిషికి చివరికి మిగిలేది ఆ ముక్కూ, ఆ కోపమూ. అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో, మూడో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు నాది. మెట్లు దిగితే చాలు, సంచులు తగిలించుకుని క్లాసులకి పరిగెత్తే పిల్లలు వేలమంది. వాళ్ల మధ్య నన్ను పలకరించేది కరపత్రాలు పంచేవాళ్లు మాత్రమే. "డెమో క్లాస్ ఫ్రీ మేడం" అని, నా తెల్లజుట్టు చూసి కూడా చేతిలో కాగితం పెడతారు. కొన్ని రోజుల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా నాతో ఒక మనిషి అన్న మాట అదొక్కటే. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక్కోసారి ఆ కాగితం కోసమే మెట్లు దిగేదాన్ని.

షుగర్ వల్ల కాళ్లలో నరాలు దెబ్బతిన్నాయి. మే నెల మధ్యాహ్నం చెప్పుల్లేకుండా తారురోడ్డు మీద నిలబెట్టినట్టు ఉంటుంది, ఇంట్లో మంచం మీద పడుకున్నా సరే. దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోయేది. పంజాగుట్టలో నన్ను చూసే డాక్టరు గారు ఒకరోజు, "కొత్త మాత్ర ఒకటి పరిశోధనలో ఉందండి. చేరతారా?" అని అడిగారు. వివరాలు చెప్పడానికి ఒక అమ్మాయిని పిలిచారు. పాతికేళ్లుంటాయేమో. ఆ పరిశోధనలో చేరినవాళ్ల బాగోగులు చూసుకోవడం, వాళ్లకి ఫోన్లు చేయడం, పేజీలు సరిచూడడం ఆ పిల్ల ఉద్యోగం.

"సగం మందికి మందున్న మాత్ర ఇస్తరమ్మా. సగం మందికి అదే రంగు, అదే సైజు, లోపల మాత్రం మందు ఉండదు. ఎవరికి ఏది పోతుందో నాకు తెల్వదు, డాక్టర్ సార్‌కు సుత తెల్వదు. మీకు సమజైందా?" అంది.

"అయింది" అన్నాను. నవ్వొచ్చింది. ఇదే సంగతి నేను పొలం గట్ల మీద నిలబడి ఎంతమందికి చెప్పానో. ఎరువు వేసిన మడి పక్కన ఏమీ వేయని మడి ఒకటి ఉండి తీరాలి. లేకపోతే నేల బాగుపడింది మన ఎరువు వల్లో, ఆ ఏడు పడ్డ మంచి వాన వల్లో ఎలా తెలుస్తుంది? ఆ ఏమీ వేయనిదాన్ని మేం కంట్రోల్ అనేవాళ్లం, రైతులు ఉత్త మడి అనేవాళ్లు. ఈ వయసులో నేనే ఉత్త మడినైతే అయ్యానులే అనుకుని సంతకం పెట్టాను.

ప్రతి శుక్రవారం పొద్దున పదకొండు గంటలకి ఆ పిల్ల ఫోన్ చేసేది. "అమ్మా, మంచిగున్నరా? మాత్రలు టైంకి ఏస్కుంటున్నరా? కళ్లు తిరుగుడు, వాంతులు, అసొంటివేమన్న ఉన్నయా?" ఇలా కాగితం మీద ఉన్న ప్రశ్నలు ఎనిమిది. తొమ్మిదోది నేను వేసేదాన్ని. పొద్దున ఏం తిన్నావమ్మా అని. "హాస్టల్ల ఏముంటదమ్మా, ఇయ్యాల సుత ఉప్మానే" అనేది. ఆ ఉప్మా ఎందుకు గోడకి కొట్టే జిగురులా ఉంటుందో మేమిద్దరం పది నిమిషాలు మాట్లాడుకునేవాళ్లం. గురువారం సాయంత్రం నుంచే ఫోన్ చార్జింగ్ పెట్టుకుని కూర్చునేదాన్ని. ఇంత పిచ్చి నాలో ఉందని నాకే తెలియదు.

మూడో వారంలో ఒకరోజు మంట నిజంగానే ఎక్కువైంది. ఏడు వేశాను. మర్నాడు పొద్దున్నే ఫోను మోగింది, శుక్రవారం కాకపోయినా.

"ఏడు ఏసినరు, ఏమైందమ్మా? ఏడో, ఆ పైనో వస్తె మేము తెల్లారి ఫోన్ చేయాలె, రూల్ ఉంది."

ఆ రూలు సంగతి నాతో చెప్పకుండా ఉంటే బాగుండేది.

నెల తిరిగేసరికి మంట తగ్గుముఖం పట్టింది. దుప్పటి కప్పుకోగలిగాను. చెప్పులు వేసుకుని సందు చివర కూరగాయల బండి దాకా వెళ్లి వచ్చాను. ఆ సాయంత్రం నిజమైన అంకె నాలుగు. కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అది మంగళవారం. నాలుగు రాస్తే శుక్రవారం దాకా ఫోను లేదు. ఎనిమిది రాశాను.

బుధవారం పొద్దున ఆ పిల్ల గొంతులో కంగారు వింటుంటే నాకు హాయిగా అనిపించింది. ఇంతకన్నా నీచమైన మాట నా గురించి నేను చెప్పుకోలేను.

అక్కణ్నుంచి అదే అలవాటైంది. రోజూ ఎనిమిదైతే అనుమానం వస్తుందని మధ్యలో ఒక అయిదు, ఒక ఆరు చల్లేదాన్ని. దొంగ లెక్కలు పట్టుకోవడంలో మా ఆఫీసులో నాకు పేరుండేది. ఎలా రాస్తే పట్టుబడవో కూడా నాకే బాగా తెలుసు కదా. గురివింద గింజకి తన కింద నలుపు తెలియదంటారు. నాకు తెలుసు. తెలుసు గనకే, పాలమూరు వైపు ఉన్న ఒక ముసలి రైతు గుర్తొచ్చినప్పుడల్లా లేచి వెళ్లి ఏదో ఒక గిన్నె తోముకునేదాన్ని.

రిటైర్ కావడానికి ముందు మేం చేసిన ఆఖరి పని ఆయన ఊళ్లోనే. ఎండలు ముదిరేకొద్దీ నేలలోని కర్బనం గాలిలోకి పోతుంది. నేలలో ఉంటే అది సత్తువ, గాలిలో కలిస్తే అదే మరింత ఎండ. దాన్ని నేలలోనే నిలపగలమా అని చూడడం మా పని. పత్తి కట్టెను తగలబెట్టేయకుండా, పొగ రాకుండా కాల్చి బొగ్గు చేసి, ఆ పొడిని పశువుల ఎరువుతో కలిపి ఒక మడికి వేశాం. దాని పక్కనే ఉన్న ఉత్త మడి ఈయనది. మూడో ఏడు మట్టి తెచ్చి పరీక్ష చేస్తే, ఏమీ వేయని ఆ మడిలో కర్బనం పెరిగి కూర్చుంది. పరీక్ష తప్పేమోనని మళ్లీ చేశాం. మళ్లీ అదే. చివరికి నేనే వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని మట్టి గీకి చూస్తే గొర్రె పెంటికలు.

ఎండాకాలం పొలం ఖాళీగా ఉన్నప్పుడు కాపరిని పిలిచి, నాలుగు రాత్రులు గొర్రెల మందను పొలంలో పడుకోబెట్టించడం అక్కడి రైతుల అలవాటు. మంద కట్టించడం అంటారు. ఆ నాలుగు రాత్రుల్లో పడ్డ పెంట, మూత్రం నేలకి ఎరువు. ఈయన మా ఉత్త మడిలో మంద కట్టించాడు.

"ఏమీ వేయొద్దని చెప్పానా లేదా?" అని అందరి ముందూ అరిచాను.

"చెప్పిన్రు మేడం. పక్క మడికి అన్నీ పెట్టి దీనికి ఏం పెట్టకుంటె భూమి చిన్నబోదా?" అన్నాడు. తలపాగా సర్దుకుంటూ, "మీరు సుత అవతలి మడి కాడ పొద్దంత కూసుంటరు. నా తాన రెండు సంచుల మట్టి తీస్కొని పోతరు" అన్నాడు.

ఆ రెండో మాట నాకు వినపడింది. పట్టించుకోలేదు. మూడేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరైందని నా ఒళ్లు మండిపోతోంది. "ఒకసారి చెడిన మడి చెడిన మడే. ఇక దీనితో మాకు పని లేదు" అనేశాను. జీపు ఎక్కుతుంటే దగ్గరికొచ్చాడు. "మట్టి తీస్కోకున్నా గీ దారిన పోయేటప్పుడు జర ఆగి పోండ్రి మేడం" అన్నాడు. చూద్దాం అన్నాను. తర్వాత ఆ దారిన చాలాసార్లు వెళ్లాను. ఒక్కసారీ ఆపమనలేదు.

ఆస్పత్రికి నెలకోసారి వెళ్లాలి. అమీర్‌పేట నుంచి పంజాగుట్టకి మెట్రోలో ఒక్క స్టేషను, కూర్చోవడానికి సీటు వెతుక్కునేలోగా దిగిపోవడమే. మూడో నెల వెళ్లినప్పుడు హాల్లో నా పక్కన ఒకాయన కూర్చున్నాడు. నా వయసే ఉంటుంది. లక్డీకాపూల్‌లో ఏదో ఆఫీసులో అటెండరుగా చేసి రిటైరయ్యాడట. చెప్పులు విప్పి, అరికాళ్లు రెండూ చల్లటి బండల మీద ఆనించి పెట్టుకున్నాడు. ఎందుకలా పెట్టుకున్నాడో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన ఒళ్లోనూ నీలం అట్ట పుస్తకం ఉంది.

"మీరు సుత గీ మాత్రలకేనా అక్కా?" అని అడిగాడు.

అవునన్నాను.

"నాకైతే ఏం ఫరక్ లేదు. ఏనాడు చూసినా తొమ్మిదే. నాకు ఉత్త మాత్ర పడ్డట్టుంది" అన్నాడు. ఏడుపు లేదు ఆ గొంతులో, లెక్క చెప్పినట్టు చెప్పాడు. "పోనీ, ఎవరికో ఒకరికి పని చేస్తుంటది గదా. గా నెంబర్లు దిగినయని తెలిస్తె మందు బయటికొస్తది. అప్పుడు నాకు సుత దొరుకుతది. రెండేండ్లాయె అక్కా, కంటినిండ నిద్రపోయి. మీకెట్లుంది, జరంత తగ్గిందా?"

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. నా పాదాలు ఆ రోజు దాదాపు చల్లగా ఉన్నాయి. నా ఒళ్లో పుస్తకంలో ఎనిమిదులు ఉన్నాయి. మందు పని చేయలేదని ఆ పేజీలు సాక్ష్యం చెబుతున్నాయి, అదీ నా దస్తూరీతో. "తగ్గిందండీ" అన్నాను. ఆయన మొహం విప్పారింది. "మంచిదాయె" అని నా కాళ్ల వైపు చూశాడు.

లోపలికి పిలవగానే పుస్తకం ఆ పిల్ల ముందు పెట్టి, "ఇందులో ఉన్నవి నిజం కాదమ్మా. నెలన్నరగా అబద్ధం రాస్తున్నాను. నాకు మంట నాలుగు దాటట్లేదు" అన్నాను.

ఆ పిల్లకి మొదట అర్థం కాలేదు. పేజీలు తిప్పి చూసింది. "ఎందుకమ్మా?" అంది.

"ఏడు వేస్తే నువ్వు ఫోన్ చేస్తావని."

పుస్తకం మూసి తన వైపు జరుపుకుంది. నేను ఆ ముసలి రైతు మీద అరిచినట్టు నా మీద అరిచి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది. లేచి డాక్టరు గారి గదిలోకి వెళ్లింది. తిరిగొచ్చి కుర్చీ అంచు మీద కూర్చుంది.

"సార్‌తోని మాట్లాడినమ్మా. మీ పేజీలు లెక్కల కలపరు. గీ మాత్రలు సుత ఇయ్యాల్టి నుంచి బంద్. మామూలు మందు రాసిస్తరు."

"నాలుగని ఇప్పుడు దిద్దితే కుదరదా? బయట కూర్చున్నాయన కోసమైనా?"

"ఎట్ల నమ్ముతం అమ్మా?" అంది. కోపంగా కాదు, ఉన్న మాట చెప్పింది. నేనైనా అదే చెప్పేదాన్ని. చెప్పాను కూడా. చెడిన మడి చెడిన మడే.

"మరి ఫోను?" అని అడిగాను. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"ఫోన్ సుత ఉండదమ్మా" అంది.

మామూలు మందు రాయించుకుని బయటికొస్తే హాల్లో ఆయన లేడు, వేరే గదిలోకి పిలిచినట్టున్నారు. మంచిదే అయింది, ఆయన మొహం చూడలేకపోయేదాన్ని. ప్రతిసారీ లాగే ఆ పిల్ల నన్ను లిఫ్టు దాకా దిగబెట్టింది. మీట నొక్కి, నేల చూస్తూ, "ఇంట్ల ఎవరుంటరమ్మా?" అని అడిగింది. మూడు నెలలుగా అడిగిన ఎనిమిది ప్రశ్నల్లో ఆ ప్రశ్న లేదు.

"నేనే" అన్నాను. లిఫ్టు వచ్చింది. లోపలికి వెళ్లి నిలబడి, "మైత్రీవనం వెనక సందేనమ్మా మా ఇల్లు. మీ హాస్టలూ అటే అన్నావుగా. మాత్రలతో పని లేకపోయినా, ఎప్పుడైనా ఆ దారిన వెళ్తుంటే ఒకసారి రా. ఉప్మా కాకుండా ఏదైనా చేసిపెడతాను" అన్నాను.

ఆ పిల్ల నవ్వింది. మంచి పిల్ల.

"చూద్దామమ్మా" అంది.

తలుపులు మూసుకున్నాయి. ఆ రోజు జీపు కదిలాక ఆ ముసలాయన గట్టు మీద ఎంతసేపు నిలబడ్డాడో నాకు తెలియదు. నేను వెనక్కి తిరిగి చూడలేదు.