అత్త పెట్టిన వాము బట్టీ

మొన్న నంద్యాలలో ఒక మందుల అంగడికి పోయి కడుపుబ్బరానికి ఏదైనా ఇవ్వమంటే, అక్కడి అమ్మాయి వేలెడంత సీసా ఒకటి నా చేతిలో పెట్టింది. వాము అర్కం. మూత తీయగానే ఘాటు ముక్కుకెక్కి కళ్లలో నీళ్లు తిరిగాయి. "కారంగా ఉంటాదక్కా, నీళ్లల్లో కలుపుకో" అని ఆ పిల్ల కంగారుపడింది. ఘాటుకు కాదమ్మా అని చెబుదామనుకున్నాను గానీ, వెనక జనం నిలబడి ఉన్నారు. నవ్వి బయటికి వచ్చేశాను. ఆ పూటంతా మా చిన్నత్తే గుర్తొచ్చింది.

ఆమె మా నాయనకు కడగొట్టు చెల్లెలు. నంద్యాల కాలేజీలో రసాయనశాస్త్రం చదివి, ఆళ్లగడ్డ నుంచి దొర్నిపాడు పోయే దారిలో ఒక పల్లెకు కోడలిగా పోయింది. చదివిన చదువంతా చారు మరిగించడానికే సరిపోయిందని ఆమే నవ్వుతూ అనేది. మామ పోయాక, ఆయన అన్నగారు, అంటే అత్తకు బావ, "నీ చేను నేను చూసుకుంటా, నువ్వు గమ్మున ఇంట్లో కూర్చో" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఊళ్లో నలుగురూ ఏమనుకుంటారో అన్న బెంగతోనే మీసాలు నెరిసిన మనిషి. అయితే గమ్మున కూర్చోవడమనే విద్య అత్తకు రాదు. చిన్నప్పుడు మా అవ్వ ఎంత నేర్పినా పట్టుబడలేదట.

ఆ నల్లరేగడిలో వాము బాగా పండుతుంది. కోతల కాలంలో ఆ దారిన బస్సులో పోతుంటే కిటికీలోంచి వచ్చే గాలికే అరుగుదల అవుతుంది. ఊరంతా గింజల్ని మూటగట్టి అమ్ముకునేవాళ్లు. అత్త చూపు మాత్రం గింజ లోపలి నూనె మీద ఉండేది. ఒకసారి నాకు కడుపునొప్పి వస్తే వాము కషాయం కాస్తూ, గిన్నె మీద లేచే ఆవిరిని కోపంగా చూసింది. "చూడు, ఇల్లంతా గుమ్మంటాంది. వాసన ఇంటికి పోతే మందు గిన్నెలో ఏముంటాది? పోయేదాన్ని పట్టుకోవల్లమ్మీ" అంది. పట్టుకోవడం ఎట్లాగో ఆమెకు తెలుసు. ఆవిరిని గొట్టంలోకి మళ్లించి, ఆ గొట్టాన్ని చన్నీళ్లలోంచి పోనిస్తే, ఆవిరి మళ్లీ నీరవుతుంది. నూనె ఆ నీటి మీద తేలుతుంది. పాత పాఠమే. దాన్ని చేలోకి తీసుకుపోవడమే కొత్త.

నంద్యాలలో ఒక రాగి పనివాడి చేత పెద్ద బాన, దానికి బిగుతైన మూత, చుట్టలు చుట్టిన గొట్టం చేయించింది. వాటిని ట్రాక్టరు మీద పెట్టుకుని, పక్కన తాను కూర్చుని, పట్టపగలు ఊరి నడుమ నుంచి తెచ్చుకుంది. సందెవేళకు బావగారు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. నేను అప్పట్లో నంద్యాల బడిలో పంతులమ్మను. సెలవుకు పోయి అక్కడే ఉన్నాను.

"ఏందీ ఇది? సారా కాస్తావా? మన ఇంటి ఆడది బట్టీ పెట్టిందంటే నా తలకాయ యాడ పెట్టుకోవల్ల?"

"ఇప్పుడు యాడుండాదో ఆడనే ఉండనీ బావా" అంది అత్త, గొట్టం తుడుస్తూ.

అత్త ఊరి అంచున ఉన్న తన చేలో కొట్టం వేసి బట్టీ పెట్టింది. మొదటిసారి కాచింది చెడిపోయింది. గింజల్ని నీళ్లలోనే వేసి మంట ఎగదోసింది. అడుగంటి, వచ్చిన కాస్త నూనె మాడు వాసన కొట్టింది. ఊళ్లో నవ్వారు. అత్త బానలో నీళ్లకు పైన చిల్లుల పళ్లెం ఒకటి అమర్చి, గింజల్ని అప్పటికప్పుడు కచ్చాపచ్చాగా దంచి దాని మీద పరిచింది. ముందే దంచి పెట్టుకుంటే సగం నూనె గాలికే పోతుందని చెప్పేది. మంట చిన్నగా పెట్టింది. ఈసారి గొట్టం చివర జాడీలో తెల్లటి నీరు, దాని పైన లేత తేనె రంగులో నూనె నిలిచింది. అత్త దాన్ని వెలుతురుకు పెట్టి చూస్తుంటే ఆమె ముఖంలో ఇరవై ఏళ్ల కాలేజీ పిల్ల కనబడింది.

ఆ సంగతి తెలిసిన మరుసటి రోజే బావగారు మోటారు గదికి తాళం వేశాడు. బోరు ఉమ్మడిది. గొట్టం చుట్టూ తొట్టిలో నీళ్లు చల్లగా లేకపోతే ఆవిరి ఆవిరిగానే పోతుందని ఆయనకూ అర్థమైనట్టుంది. అత్త తాళం అడగడానికి పోలేదు. ఎద్దుల బండి బాడుగకు మాట్లాడి కాలువ నుంచి పీపాలతో నీళ్లు తెప్పించింది.

అప్పుడు ఎవరో ఫిర్యాదు చేశారు. ఎవరో మాకు ఇప్పటికీ తెలియదు. బాన మంచి ఆవిరి మీద ఉండగా జీపు వచ్చి కొట్టం ముందు ఆగింది. ఆబ్కారీ అధికారి, వెంట ఇద్దరు పోలీసులు. వాళ్ల వెనకే ఊరు. ఊరి వెనక, కంచె దగ్గర, పంచె ఎగ్గట్టుకుని బావగారు. పనికి వచ్చిన ఆడవాళ్లు దంపుడు రోకళ్లు వదిలేసి గోడవారకు పోయారు. అధికారి బానను, గొట్టాన్ని చూసి, "ముందు మంట ఆర్పమ్మా" అన్నాడు.

"ఆర్పను సారూ."

అత్త గొంతు పెంచలేదు. "ఇప్పుడు ఆపితే నూనె గింజలోనే నిలిచిపోతాది. నా పంట అది. అయ్యేదాకా ఈ మంచం మీద కూర్చో. సారా అయితే ఈ బాననూ, నన్నూ కలిపి జీపులో ఏసుకుని పో. కాకపోతే, కాదని ఈళ్లందరి ముందర చెప్పి పో."

ఆయన టోపీ తీసి మంచం మీద కూర్చున్నాడు. ఈ గొడవలో తొట్టిలో నీళ్లు మార్చడం ఎవరికీ గుర్తులేదు. గొట్టం చివర చుక్కలు ఆగి, పొగలాగా ఆవిరి రావడం మొదలైంది. పీపాలు ఖాళీ. బండి కాలువ దగ్గర ఉంది. అత్త జనం మీదుగా కంచె వైపు చూసి కేక పెట్టింది.

"బావా! నీళ్లు కాగిపోతాండాయి. తాళం తియ్యి!"

అందరి తలలూ అటు తిరిగాయి. పెద్దాయన చెయ్యి మొలలో తాళంచెవి మీదికి పోయింది. నేను చూశాను. కానీ అది అక్కడే ఉండిపోయింది. ఆయన నేల చూశాడు.

అత్త కొంగు బిగించి బిందె ఎత్తుకుంది. గోడవార నిలబడ్డ ఒక ముసలామె, "రాండమ్మే, చూస్తాండారేం! మా ఇంటి గాబు నిండా నీళ్లుండాయి" అని ముందు కదిలింది. ఆ వెనక నేను, నా వెనక తక్కిన ఆడవాళ్లు. బిందెలు చేతులు మారాయి. తొట్టి చల్లబడింది. చుక్క మళ్లీ పడింది. బట్టీ చల్లారాక అధికారి లేచి జాడీ మీదికి వంగాడు. దెబ్బకు వెనక్కి జరిగి కళ్లు తుడుచుకున్నాడు. రుచి చూస్తానని నూనెలో వేలు పెట్టబోతే అత్త చెయ్యి పట్టి ఆపింది. "నాలుక కాలుతాది సారూ, ఇది తాగు" అని కింది నీరు గ్లాసులో పోసి ఇచ్చింది. ఆయన తాగి, కొట్టమంతా వినబడేటట్టు తేన్చాడు. "సారా కాదప్పా, వాము. పోండి ఇండ్లకు" అన్నాడు జనంతో. పోతూ పోతూ సీసాలో ఇంకాస్త పోయించుకున్నాడు.

నూనెను మట్టి మూకుట్లో పోసి, తడి ఇసుకలో పెట్టాం. చలి రోజులు. తెల్లారి చూస్తే మూకుడులో అద్దపు పుల్లల్లాంటి తెల్లటి పలుకులు అల్లుకుని ఉన్నాయి. వాము పువ్వు, అంటే నూనెలోని ఘాటంతా గడ్డకట్టిన సత్తు. అత్త ఒక పలుకు నా అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మరుసటేడు ఆమె తన చేలో తానే బోరు వేయించుకుంది. బావగారు పోయేదాకా ఆ కొట్టం గడప తొక్కలేదు. ఆమె పిలవలేదు. కలిసిపోయి ఉంటే కథకు అందంగా ఉండేదేమో, కానీ జరగనిది ఎట్లా రాస్తాను? కొట్టం ఇప్పటికీ నడుస్తోంది. అత్త మోకాళ్లు అరిగి, కుర్చీలో కూర్చుని పని చెబుతుంది. బస్సు కండక్టర్లు ఆ స్టాపును "సారా కొట్టం" అనే పిలుస్తారు. మార్పించమని నేను పోరితే, "పేరు వాళ్లు పెట్టుకోనీ, వాసన నాది కదా" అంటుంది.

కాలం గడిస్తే అన్నీ వాటంతటవే సర్దుకుంటాయని పెద్దలంటారు. నేను చూసినంతలో కాలం తనంతట తాను దేన్నీ సర్దలేదు. ఎవరో ఒకరు ఆర్పనని మొండికేసి నిలబడ్డ చోట, అదే కొంచెం పక్కకు జరిగి దారి ఇచ్చింది.