కొమ్ములో ఉప్పు

మా మరిది ఉత్తియుడు గంజిలో ఉప్పు వేసుకోడు. ఏదో గొప్ప వ్రతం పట్టాడనుకుని వీధిలో ఆడవాళ్ళు అతనికి దణ్ణాలు పెడతారు. పెట్టుకోనీ. వైశాలి జనానికి దణ్ణం పెట్టడానికి ఎవరో ఒకరు కావాలి, ఎందుకు పెడుతున్నామన్నది వాళ్ళకు అక్కర్లేదు.

ఇప్పుడు దువ్వెనలు చేస్తున్నాడు గానీ ఒకప్పుడు ఉప్పు కొమ్ములే చేసేవాడు. చచ్చిన ఎద్దుల కొమ్ములు తెచ్చి, ఉడకబెట్టి, లోపలి ఎముక ఊడలాగి, నున్నగా గీకి, బిరడా బిగించేవాడు. ఉత్తర ద్వారం బయట మా వీధిలోకి కొత్తవాళ్ళు వస్తే ఆ ఉడికే వాసనకు ముక్కు మూసుకుంటారు. ఆ కంపులో కూర్చుని, వచ్చే జన్మలో తాను ఏ దేవలోకంలో పుడతాడో వచ్చేపోయేవాళ్ళకు చెప్పేవాడు. పుణ్యం కోసం అంత కక్కుర్తి పడే మనిషిని నేను ఇంకొకణ్ణి చూడలేదు. నేను పక్కింట్లోనే పేలాలు వేయించి అమ్ముతాను. అతని భార్య సామ నా చెల్లెలు. దాన్ని అతనికి ఇచ్చింది మా నాన్న. నన్నడిగి ఉంటే ఇవ్వనిచ్చేదాన్ని కాదు.

మా తూర్పు భిక్షువులకు ఒక అలవాటుండేది. భిక్షకు వెళితే కొన్ని ఇళ్ళలో చప్పిడి గంజి పోస్తారు కదా, అందుకని ఒక కొమ్ములో ఉప్పు దాచుకుని వెంట తిప్పుకునేవాళ్ళు. ఇవాళ పుచ్చుకున్న తిండి రేపటికి దాచకూడదన్న నియమం వాళ్ళకు తెలియక కాదు. ఉప్పు కూడా ఒక తిండేనా అని సర్దిచెప్పుకున్నారు. మాకేం, అడిగితే పోసేవాళ్ళం. ఉత్తియుడు అడగకుండానే పోసేవాడు. ప్రతి పున్నమికీ ఒక కొత్త కొమ్ము, దాని నిండా ఉప్పు. ఇచ్చాక, ఎవరైనా చూశారో లేదోనని వీధి చివరిదాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చేవాడు.

సామకు జ్వరం వచ్చిన ఏడు గంగ పొంగింది. ఉప్పు బండ్లు అవతలి ఒడ్డునే ఆగిపోయాయి. వీధిలో ఎవరింట్లోనూ చిటికెడు ఉప్పు లేదు. ఉన్నదల్లా ఉత్తియుడి అటక మీద, మర్నాటి పున్నమికని నింపి పెట్టిన కొమ్ములో. తొమ్మిది రోజుల జ్వరంతో చెల్లెలి నోటికి ఏదీ సహించడం లేదు. గంజి కాచి పట్టుకెళితే, కాస్త ఉప్పు ఉంటే తాగుతానంది.

"ఒక్క చిటికెడు తియ్యి ఉత్తియా" అన్నాను.

"అది సంఘానికి అనుకున్నది వదినా. ఇంక మనది కాదు. ముట్టుకుంటే ఆ పాపం సామకే చుట్టుకుంటుంది."

నేను నోరు చేసుకోబోయాను. సామే నా చెయ్యి పట్టుకుంది. "పోనీలే అక్కా, చప్పగానే తాగుతాలే" అని రెండు గుక్కలు తాగి గిన్నె పక్కకు నెట్టేసింది. పున్నమి మర్నాడు పోయింది. ఉప్పు వేస్తే బతికేదని నేననను, వైద్యుడు అప్పటికే చేతులెత్తేశాడు. కానీ అది అడిగింది ఆ ఒక్కటే. పున్నమి నాడు మాత్రం ఈ మహానుభావుడు కొమ్ము పట్టుకెళ్ళి ఇచ్చే వచ్చాడు.

ఆ తరువాత నాలుగేళ్ళు పున్నమి తప్పకుండా కొమ్ము ఇచ్చి, ఈ పుణ్యం సామకు చెందాలని నీళ్ళు వదిలాడు. బతికుండగా చిటికెడు పెట్టనివాడు చచ్చాక కొమ్ములకు కొమ్ములు పోస్తున్నాడని నేను వీధిలో వినబడేలాగే అనేదాన్ని. అతను తలొంచుకుని, అన్నీ చేరతాయి వదినా, అక్కడ దానికి ఏ లోటూ ఉండదు అనేవాడు. ఆ నమ్మకం మీదే అన్నం తినేవాడు, ఆ నమ్మకం మీదే నిద్రపోయేవాడు.

ఇంతలో పడమటి నుంచి ఒక భిక్షువు వచ్చి మావాళ్ళ అలవాట్లలో పది తప్పులని ఏకరువు పెట్టాడు. అందులో మొదటిది కొమ్ములో ఉప్పు. ఇంకేముంది, ఊరు రెండుగా చీలింది. గానుగవాళ్ళు తూర్పు పక్షం, సాలెవాళ్ళు పడమటి పక్షం. జన్మలో పొయ్యి ముందు కూర్చోని మగవాళ్ళు ఏడు వందల మంది, ఉప్పు తిండి అవునా కాదా అని తేల్చడానికి వైశాలిలో దిగారు. అన్ని రోజులూ వాళ్ళకు వండిపెట్టింది మేము. ఆ వంటలో ఎంత ఉప్పు పడిందో ఒక్కరూ అడగలేదు. ఇంతమంది ఒకేసారి మాట్లాడితే తెమలదని, చివరికి అటు నలుగురినీ ఇటు నలుగురినీ ఏరి ఇసుక తోటలోని ఆరామంలో కూర్చోబెట్టారు.

ఉత్తియుడి సంబరం చూడాలి. అతను చేసిన కొమ్మునే సభలో చూపించడానికి పట్టుకెళ్ళారట. ఉత్తరీయం ఉతికించుకుని, కొమ్ము అంచు తానెలా నున్నగా తీశాడో ఊరంతా చెప్పి తిరిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"తప్పని తేలిందనుకో, అప్పుడేంటి?" అన్నాను. "పుచ్చుకోకూడనిది వాళ్ళు పుచ్చుకుంటే నీకు పుణ్యం ఎక్కడిది? మా చెల్లికి చేరిందేంటి, మట్టా?"

నొప్పించాలనే అన్నాను. నొచ్చుకున్నాడు. ఆ పూట నుంచి తిండి మానేశాడు. సభ తీర్పు ఏమిటన్నది కాదు, సామకు ఏమైనా చేరిందా లేదా అన్నదే అతని దిగులు.

తప్పనే తేలింది. ఒప్పుకోని భిక్షువులు ఇంతకంటే పెద్ద సభ పెట్టుకుంటామని విసవిసా వెళ్ళిపోయారు. ఇప్పటికీ పున్నమికీ అమావాస్యకీ ఈ సంఘం చేసుకునే ఉపోసథానికి ఆ సంఘంవాళ్ళు రారు. ఇల్లూ వాకిలీ వదిలిన మహాత్ములు, ఒకరి పక్కన ఒకరు కూర్చోలేకపోయారు. తీర్పుకు తలొగ్గినవాళ్ళు మాత్రం తమ దగ్గరున్న కొమ్ములన్నీ గంపకెత్తి ఉత్తియుడి గుమ్మంలో దించి వెళ్ళారు.

అతను ఒక్కొక్కటే తీసి చూశాడు. అడుగున ఒక కొమ్ము బరువుగా ఉంది. నిండా ఉప్పు, బిరడా విప్పనే లేదు. అంచు ఒకవైపు గరుకుగా వదిలేసి ఉంది. సామ జ్వరంలో ఉన్నప్పుడు తొందరగా ముగించిన కొమ్ము అదొక్కటే. పుచ్చుకున్న పుణ్యాత్ముడికి అవసరమే పడలేదు కాబోలు.

అది చంకలో పెట్టుకుని పడమటి పక్షం పెద్ద భిక్షువు, స్థవిరుడి దగ్గరికి బయల్దేరాడు. అతనికి జరిగే శాస్తి చూద్దామని వెనకే నేనూ వెళ్ళాను. ముసలాయనకు పళ్ళు లేవు, మాట మాత్రం స్పష్టంగా ఉంది. చుట్టూ జనం. ఉత్తియుడు సాగిలపడి, నేనిచ్చిన దాని పుణ్యం నా భార్యకు చేరిందా అని అడిగాడు.

"చేరిందో లేదో నేను చెప్పేది కాదు. నియమం చెబుతాను విను" అన్నాడాయన. "పుచ్చుకోకూడనిది పుచ్చుకున్నా పుచ్చుకున్నట్టు కాదు. కాబట్టి నువ్విచ్చినా ఇచ్చినట్టు కాదు. దోషం వాళ్ళది, నీది కాదు. సంతోషంగా ఇంటికెళ్ళు ఉపాసకా."

"మరి ఈ ఉప్పు ఎవరిది భంతే?"

"నీదే. మొదట్నుంచీ నీదే."

ఓదార్పుగానే అన్నాడు. అనేసి పక్కవాడి వైపు తిరిగాడు. ఇంత తెలివీ ఇంత నియమమూ తలకెక్కించుకుని, ఎదురుగా ఉన్న మనిషి ముఖం చూడటం ఒక్కటీ నేర్చుకోలేదు.

ఉత్తియుడు కొమ్ము మళ్ళీ చంకలో పెట్టుకుని లేచాడు. ఇంటికొచ్చి పొయ్యి దగ్గర చతికిలబడి, బిరడా లాగాడు. ఉప్పు గడ్డకట్టి ఉంది. వేలితో గీకితే కాస్త రాలింది.

"నాదేనట వదినా" అన్నాడు. "ఆ రోజు కూడా నాదేనట."

నాలుగేళ్ళుగా ఈ మనిషిని అనడానికి ఎన్ని మాటలు కూడబెట్టుకున్నానో. మా ఇంట్లో గంజి ఉంటే తెచ్చి ముందు పెట్టాను. కొమ్ము పక్కనే ఉన్నా, అందులోది వేసుకోకుండా చప్పగానే తాగాడు.