చెవి దగ్గర ఆగిన కర్ర

కర్రసాము నేర్పే మా తాలింఖానాలో పైకి రావాలంటే కొట్టడం వస్తే చాలదు. కొట్టబోయిన కర్రను ఎదుటివాడి ఒంటికి వెంట్రుకవాసి దూరంలో ఆపడం రావాలి. ఇప్పటి కరాటే బళ్ళలో పిల్లలు పసుపు బెల్టనీ ఆకుపచ్చ బెల్టనీ మార్చుకుంటూ పోతుంటే ముచ్చటగానే ఉంటుంది కానీ, అరవైల చివర నాగావళి ఒడ్డున మా ఊళ్ళో అన్ని రంగులు లేవు. కొత్తగా చేరినవాడు గోదాలో మట్టి తడిపి, తవ్వి, మెత్తచేయాలి. ఎన్నాళ్ళు అని అడగకూడదు. మాకు నేర్పే వస్తాదుగారికి చాలనిపించినన్నాళ్ళు. ఆ తర్వాత దండీలు, బస్కీలు, కర్ర తిప్పడం వంటబట్టాక నడుముకు తెల్లగుడ్డ కట్టేవారు. చాలామంది అక్కడే ఆగిపోయేవారు. ఎందుకంటే ఆపైన ఉన్న ఎర్ర నడికట్టు ఊరు మొత్తానికి ఒక్కటే. అది కట్టుకున్నవాడే అమ్మవారి పండగలో ఘటాల ముందు కర్ర తిప్పుకుంటూ నడుస్తాడు. అతను తన చేత్తో విప్పి ఇస్తేనే అది ఇంకొకడి నడుముకు చేరుతుంది.

దానికి పరీక్ష ఉండేది. తెల్లగుడ్డవాడు ఎర్రకట్టువాడితో తలపడాలి. వీడి కర్ర అతని ఒంటిదాకా వెళ్ళి ఆగితే, అతను తన కర్రను నేలమీద పెట్టాలి. పెట్టమని పక్కవాళ్ళెవరూ అనకూడదు. వస్తాదుగారు కూడా అనరు.

"ఒంటిమీదికొచ్చిన దెబ్బ ఒంటిగలోడికి తెలీదేటి? ఆడే పెట్టాల" అనేవారాయన.

కర్ర ఒంటికి ఏమాత్రం తగిలినా తెల్లగుడ్డ కూడా విప్పేసి మళ్ళీ మట్టి దగ్గరికి పోవలసిందే. ఇక దెబ్బ వచ్చాక కూడా కర్ర కింద పెట్టనివాడి గతి మరీ అన్యాయం. నేను చేరకముందు ఒకాయన అలా చేశాడట. అతన్ని ఎవరూ తిట్టలేదు, పొమ్మనలేదు. టీకొట్టు బల్లమీద జరిగి చోటిచ్చేవాడు లేకుండా పోయాడు, అంతే. చివరికి ఆయన అత్తవారి ఊరు వెళ్ళిపోయాడు.

నా రోజుల్లో ఎర్రకట్టు మా బావది. మా అప్ప మొగుడు. మా వైపు అక్కను అప్ప అంటాం. బావకి పెద్ద కమతం లేదు, ఉన్నదాంట్లో ఏరు కోసినంత కోసేసింది. నలుగురిలో మాట్లాడడం రాదు. పెళ్ళిళ్ళలో గోడవారగా కూర్చుని, పిలిచినప్పుడు లేచి భోంచేసి వచ్చే మనిషి. పండగ రోజుల్లో మాత్రం ఊరంతా అతని వెనక నడిచేది. ఏజెన్సీ వైపు నక్సలైట్ల గొడవలు నడుస్తున్న రోజులవి. చేతిలో కర్ర కనిపిస్తే పోలీసులు ఆపి సవాలక్ష అడిగేవారు. అలాంటిది బావ నడుముకు ఎర్రగుడ్డ ఉంటే హెడ్డు కానిస్టేబులు కూడా పక్కకు తప్పుకునేవాడు. బావకి ఆ గుడ్డే ఆస్తి. నాకు కర్ర పట్టడం నేర్పిందీ అతనే.

ఆ ఏడు నూర్పుల్లో వడ్ల మొన ఎగిరి బావ ఎడమ కంట్లో గుచ్చుకుంది. అప్ప నందివర్ధనం పూలు తెచ్చి కంటిమీద పెట్టింది, చంటిదానికిచ్చే తన పాలు పిండింది. కొన్నాళ్ళకి ఎరుపు విరిగింది. "తగ్గిపోనాది" అన్నాడు బావ. అందరం నమ్మాం.

వేసవిలో, పండగకి ముందు, వస్తాదుగారు నన్ను పరీక్షకి నిలబెట్టారు. నాకు ఆ ఎర్రకట్టు కావాలి. బావదని తెలిసీ కావాలి. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు, గెలవమనే కదా అతను నేర్పాడు. మా అప్ప ఎవరి పక్షమో మాత్రం నేను అడగలేదు.

పొద్దున్నే గోదా చుట్టూ జనం చేరారు. ఆంజనేయస్వామి పటానికి కర్పూరం వెలిగించి ఇద్దరం మట్టి కళ్ళకద్దుకున్నాం. బావ కర్ర ఎప్పటిలాగే గాలిని కోస్తోంది. నా దెబ్బలన్నీ కాచుకుంటున్నాడు. అతని కుడివైపు రెండుసార్లు ఆశ చూపించి, నడుం తిప్పి అతని ఎడమవైపు నుంచి కర్ర తెచ్చాను. అది అతని చెవి దగ్గర ఆగింది. అంత శుభ్రంగా నేను జన్మలో ఆపలేదు. చుట్టూ ఒక్కసారిగా గోల పుట్టి, అంతలోనే చప్పబడిపోయింది.

బావ కర్ర కింద పెట్టలేదు.

నాకు ముందు కోపం వచ్చింది. ఒళ్ళు మండిపోయింది. గుడ్డ కోసం ఇంతకి దిగజారతాడా అనుకున్నాను. అలా అనుకుంటూనే అతని ముఖం చూశాను. కుడికన్ను నా కర్రను కుడివైపునే వెతుకుతోంది. ఎడమకన్ను తెరిచే ఉంది, దాని పక్కకొచ్చిన కర్రకి రెప్ప అయినా కొట్టుకోలేదు. అప్పుడు అర్థమైంది. మా బావకి ఆ కన్ను లేదు. నూర్పుల నాటి నుంచీ లేదు. మా అందరి ముందూ నటిస్తూ వచ్చాడు.

వస్తాదుగారు చేతులు కట్టుకుని చూస్తున్నారు. జనంలో గుసగుస మొదలైంది. ఇంకొంచెంసేపు నేను అలాగే నిలబడితే, బావ దొంగ అవుతాడు. కన్ను లేదన్న సంగతి ఎవరికి తెలుసు? టీకొట్టు బల్లే గుర్తొచ్చింది నాకు. నోరు తెరిచి చెప్పడానికి లేదు. ఉన్నది ఒక్కటే దారి.

కర్రను చెవికి తగిలించాను. చీమ పాకినంత మెల్లగా.

బావ ఉలిక్కిపడ్డాడు. "తగిలింది" అన్నారు వస్తాదుగారు. "తెల్లగుడ్డ ఇప్పెయ్యి."

నేను ముడి విప్పుతున్నాను. బావ చెవి తడుముకుని, నా కర్ర వైపు చూసి, నా ముఖంలోకి చూశాడు. నోరు మూసుకుంటే చాలు, ఎర్రకట్టు అతనిదే. ఆ ఏడు ఘటాల ముందు నడకా అతనిదే. నేను తగిలించింది అందుకే కదా.

"ఆగు గురువా" అన్నాడు. "ఆడి కర్ర ముందే ఆగింది. ఆగినట్టు నాను సూణ్నేదు. నాకీ కన్ను కనపడదు."

"ఎప్పుడి కాణ్నుంచి?" అన్నారు వస్తాదుగారు.

"నూర్పులప్పుడి కాణ్నుంచి."

నలుగురిలో మాట్లాడడం రాని మనిషి ఆ మాట అంతమందిలో అనేశాడు. తర్వాత వంగి కర్రను నేలమీద పెట్టాడు. నడికట్టు విప్పి, మడతపెట్టి, పటం ముందు ఉంచాడు. వస్తాదుగారు "తగిలింది తగిలిందే" అన్నారు. నియమం సడలించలేదు. ఆ ఏడు ఎర్రగుడ్డ ఎవరి నడుముకీ ఎక్కలేదు. ఘటాలు ఉత్త డప్పుల వెనకే కదిలాయి. పెద్దాయన మీద ఆ రోజు వచ్చిన కోపం ఇప్పటికీ నాకు పూర్తిగా పోలేదు.

గోదా నుంచి బావ నన్ను తన ఇంటికి తీసుకుపోయాడు. అప్ప మాకు పీటలు వేసి అన్నం వడ్డించింది. బావ అన్నంలో చెయ్యిపెట్టి కలపకుండా కూర్చున్నాడు.

"ఒసే, నాకు ఎడం కన్ను కనపడదే" అన్నాడు.

అప్ప వడ్డన ఆపలేదు. "తెలుసు" అంది.

"ఏటి తెలుసు?"

అప్ప గరిటెతో చెంబు చూపించింది. తినే చెయ్యి ఎంగిలి కాబట్టి నీళ్ళచెంబు ఎవరింట్లోనైనా ఎడమపక్కనే పెడతారు. నాకూ అలాగే పెట్టింది. బావ చెంబు కుడిపక్కన ఉంది.

"నూర్పులయిన కాణ్నుంచి అక్కడే ఎడతన్నాను. ఎడంపక్క ఎడితే తన్నేస్తన్నావు. నువ్వది కూడా సూణ్నేదు."

"తెలిసీ ఒక్క మాట అన్నేదేటే?"

"నువ్వే సెప్తావని సూసినాను" అంది అప్ప. అప్పుడు గరిటె కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బావ తల వంచుకుని ఏడ్చాడు. రెండు కళ్ళలోంచీ నీళ్ళు వచ్చాయి.