నల్లమందు నిద్ర అనుకుంటి

ఆ కరువులో డోన్ పక్కన రోడ్డు పనులు జరుగుతాంటే, కూలోళ్ల పిల్లకాయలకు వాంతులు, భేదులు పట్టుకున్యాయి. ఆసుపత్రి వ్యాన్‌లో నేను కాంపౌండరును, తోడు డ్రైవరు. ఇద్దరమే. వ్యాన్‌లో నలుగురు పిల్లోళ్లు, వాళ్ల తల్లులు పడతారు. ఎవర్ని కర్నూలుకు తీసకపోవాలో, ఎవరికి ఈడే ఉప్పు గంజి తాపమనాలో తేల్చేది నేనే. డాక్టరు చెప్పిన గుర్తు ఒకటే: కడుపు మీద చర్మం గిల్లి వదులు, అట్లే నిలబడితే ఎక్కించు.

నాకప్పుడు ముక్కు మీద కోపం. ఆ పొద్దు వ్యాను ఆగీ ఆగకముందే తల్లులు మీద పడిరి. "నా బిడ్డను సూడప్పా!" "ముందు నాది సూడు సామీ!" ఒకటే అరుపులు. "ఏయ్, వరసగా రాండి! నాకేమన్నా పది చేతులుండాయా?" అని నేనూ అరిస్తి. గిల్లి చూసి ముగ్గుర్ని ఎక్కిస్తి. ఇంకొక్క చోటుండాది.

తుమ్మచెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలో ఏడాది పిల్లోడు కదలకుండా పండుకోని ఉండాడు. తల్లి దూరంగా కంకర కొడతాంది. "వాణ్ని చూడవా?" అనె డ్రైవరు. పోయి తొంగి చూస్తి. కండ్లు సగం తెరిచి ఉండాయి. పనికొచ్చే తల్లులు పొద్దున్నే పిల్లోళ్ల నాలిక మీద ఆవగింజంత నల్లమందు రాసి పండబెడతారు. సాయంత్రం దాకా లేవరు. అట్లాటోళ్లను రోజూ చూస్తాంటి, వాళ్ల కండ్లూ అట్లే ఉంటాయి.

"నల్లమందు నిద్రలేప్పా. ఏడ్చే బిడ్డకే పాలు, పోదాం పా" అంటి. నాలుగో చోట్లో, గొంతు చించుకుంటాండే ఒక పిల్లను ఎక్కిస్తి. ఆ పిల్లకు గిల్లిన చర్మం వెంటనే సర్దుకుండె. అంత జబ్బు లేదని నాకు తెలుసు. వాళ్లమ్మ నోటికి జడిసి ఎక్కించినా.

మర్నాడు పోతే చెట్టుకు ఉయ్యాల లేదు. ఆ చీర తల్లి ఒంటిమీదుండాది.

"పిల్లోడేడమ్మా?" అంటి.

"నిన్న పొద్దు గూకకముందే పోయినాడప్పా" అనె. తిట్టలేదు. తిట్టింటే బాగుండు.

తప్పు నాదని తెలుస్తానే ఉండాది. అయినా సిగ్గులేని నోరు, ఊరుకుంటేనా? "నల్లమందు పెట్టి పండబెడితే జబ్బు మాకెట్ల తెలుస్తాదమ్మా?" అంటి.

ఆమె సుత్తి కింద పెట్టె.

"నల్లమందు యాడిదప్పా? ఈ జబ్బులు మొదలైనకాడ్నుంచి భయమై మానుకుంటి. వానికి ఏడ్చే ఓపిక లేక పండుకున్యాడు. పని ఇడిస్తే కూలి కోస్తారని వ్యాను కాడికి రాలేదు గానీ, నువ్వు ఉయ్యాల కాడికి పోతాంటే, పిలుస్తావేమోనని నేనూ లేస్తి. నువ్వు తొంగి చూసి మళ్లుకుంటివి. డాక్టరు మనిషే చూసి పోయినాడు, నా బిడ్డకు ఏం కాదులే అని మళ్లీ పనికి కూచుంటి."