తాడు దగ్గర నిలబడిన మనిషి

కోసాడ్ వాళ్లను కొట్టేస్తాం, పాండేసరా వాళ్లతో చచ్చీ చెడీ గెలుస్తాం, పల్సానా వాళ్ల సంగతి మాత్రం దేవుడికే తెలియాలి. ఆ ఏడు కబడ్డీ పోటీలు మొదలయ్యే ముందు మా తమ్ముడికి అన్నం వడ్డిస్తూ నేను చెప్పిన జోస్యం అది. వాడు ముద్ద నోట్లో పెట్టుకునే నవ్వాడు.

"నువ్వే ఆడు పో అక్కా. మేమంత తాడు దగ్గర నిలవడి సప్పట్లు కొడ్తం."

ఆడనిస్తే ఆడేదాన్నే, ఎవరికి భయం? సూరత్‌లో బమ్రోలి వైపు మా గల్లీలో ఉన్నదంతా తెలంగాణ నుంచి వచ్చి మరమగ్గాలు నడిపేవాళ్లే. మరమగ్గాలను మావాళ్లు సాంచాలంటారు. అమ్మా నాన్నా పోయాక మిగిలింది నేనూ తమ్ముడూ. వాడు కార్ఖానాలో సాంచాలు నడిపేవాడు, నేను గదిలో కూర్చుని చీరలకు మెరుపు రాళ్లు అతికించేదాన్ని. గల్లీ జట్టులో కూతకు వెళ్లేవాడు మావాడే. వాడి ఆట తప్ప నాకు వేరే లోకం లేదు. ఎదుటి జట్లలో ఎవడికి మోకాలు నొప్పి, ఎవడికి ముక్కు మీద కోపం, ఎవడు బీడీలు తాగి ఊపిరి పాడుచేసుకున్నాడు, అన్నీ నా దగ్గర ఉండేవి. ఆట ముందు రోజు మా జట్టు కెప్టెన్ టీ నెపంతో గుమ్మంలో కూలబడి, "ఏం చెల్లె, రేపు ఎట్లుంటది?" అని అడగకుండా వెళ్లేవాడు కాదు. ఆయన కార్ఖానాలో మేస్త్రీ, వయసులో నాకంటే చాలా పెద్ద.

వారానికి ఒక రోజు సాంచాలు నడపకూడదని కరెంటు వాళ్ల నియమం. లైట్లు వెలుగుతాయి, ఫ్యాన్లు తిరుగుతాయి, సాంచా కదిలిందంటే మాత్రం జరిమానా. ఆ రోజే ఆటలు, జనం లోపలికి రాకుండా ఆడే స్థలం చుట్టూ తాడు కట్టి. మిగతా రోజులన్నీ గోడలూ మంచాలూ గిన్నెలూ అదిరే గల్లీ ఆ ఒక్క రోజు నోరు మూసుకుంటుంది. వినేవాళ్లకు హాయి అనిపించవచ్చు. నాకు మాత్రం కాదు. మూత కింద పడినా ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచినట్టు ఉలిక్కిపడేదాన్ని. మగవాళ్లకు ఆ బాధ లేదు. ఏళ్ల తరబడి సాంచాల మధ్య నిలబడి వాళ్ల చెవులు మొద్దుబారిపోయాయి. చేతులతో సైగలు చేసుకుంటారు, పెదాలు చూసి మాట పోల్చుకుంటారు. ఎదుటి జట్లవాళ్లదీ సాంచాల పనే, ఆటలో అంపైరు కూడా సాంచాల మనిషే. కూత నడుస్తోందా, ఆగిందా అని వినేవాడు కాదు, పెదాలు చూసేవాడు. ఎవరికీ అది వింతగా తోచలేదు.

మొదటి రెండు ఆటలకూ నేను వెళ్లాను. రెండూ ఓడారు. కొట్టేస్తామన్న కోసాడ్ వాళ్లే మమ్మల్ని కొట్టారు. ఇంకేముంది, గల్లీ మొత్తం నాకు ఐరన్ లెగ్గు అని పేరు పెట్టేసింది. నీళ్ల కుళాయి దగ్గర ఒకడు నా ముందే అనేసరికి నాకు మండింది. "మీ కాళ్లు సక్కగ లేక నా కాలి మీద పడ్తున్రా? సిగ్గుండాలె" అని కడిగేశాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

మూడో ఆట పాండేసరా వాళ్లతో. ఆ రోజు నాకు జ్వరం. దుప్పటి కప్పుకుని పడుకున్నాను. నాకున్న ఒకే ఒక్క మంచి చీర, ఆకుపచ్చది, బకెట్లో నానుతోంది. సాయంత్రం తమ్ముడు వచ్చాడు. ముఖం చూడగానే ఓడారని తెలిసిపోయింది.

"పెయ్యి బాగలేదన్నవ్. మల్ల ఎందుకొచ్చినవ్ అక్కా?" అన్నాడు.

"నేనెక్కడికొచ్చిన్రా? మంచం దిగితే ఒట్టు."

"కరెంటు స్తంభం పక్కన తాడు పట్టుకొని నిలవడ్డవ్ గద. పచ్చ చీర కట్టుకొని. నేను జూసిన."

నేను బకెట్ చూపించాను. వాడు చెయ్యి పెట్టి చీర పైకి లాగాడు. నీళ్లు ధారగా కారుతుంటే దాన్నే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత మళ్లీ నీళ్లలో వదిలేసి చేతులు కడుక్కున్నాడు.

వాడొక్కడే అయితే పొరపాటు అనుకునేదాన్ని. కెప్టెన్ చూశాడట. ఎదురింటి పెద్దమ్మ చూసిందట. "జ్వరం మీద ఎండల నిలవడ్తవేంది బిడ్డా" అని మర్నాడు నన్ను కోప్పడింది కూడా. ఆ తర్వాత మావాళ్లు వరసగా గెలుస్తూ వచ్చారు. నేను గది దాటలేదు, గెలిచిన రోజుల్లో నన్నెవరూ చూడనూ లేదు. మధ్యలో ఒక్కటి ఓడారు. ఆ రోజు మళ్లీ స్తంభం దగ్గర నేనున్నానట!

నవ్వు పోయి భయం పట్టుకుంది. నాకు తెలియకుండా నేనే లేచి వెళ్తున్నానా? పడుకుని లేచిన ప్రతిసారీ అరికాళ్లకు మట్టి ఉందేమోనని చూసుకునేదాన్ని. మట్టి ఉండేది కాదు. అయినా అనుమానం పోయేది కాదు. మనిషికి ఇంకొకరి మీద అనుమానం వస్తే పోట్లాడొచ్చు, తన మీద తనకే వస్తే ఎవరితో పోట్లాడుతుంది?

ఎలాగో మావాళ్లు చివరి ఆట దాకా చేరారు. ఎవరితో? పల్సానా వాళ్లతోనే. ముందు రోజు కెప్టెన్ వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు గానీ ఎట్లుంటదని అడగలేదు. నేనే చెప్పాను. వాళ్లలో మావాడికి ఎడమ మూలన, స్తంభం వైపు, నిలబడేవాడు కాలు దొరికితే వదలడు. వాడు పట్టుకుంటే మిగతా ఆరుగురూ మీద పడతారు. ఊపిరి ఆడదు. అందుకని తమ్ముడు కుడివైపే కూతకు వెళ్లాలి. తమ్ముడు నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. వాణ్ణి ఆడొద్దని ఆపే ధైర్యం మాత్రం నాకు లేకపోయింది. ఆ ఆట కోసం వాడు ఎంతగా ఎదురు చూశాడో నాకు తెలుసు.

కెప్టెన్ లేవబోతుంటే అన్నాను. "అన్నా, రేపు నన్ను కార్ఖానల పెట్టి తాళం వెయ్యి. తాళంచెవి నీ మొలకు కట్టుకో. అప్పుడు చూద్దాం తాడు దగ్గర ఎవత్తి నిలవడ్తదో."

"గట్లెందుకు చెల్లె..." అని నసిగాడు.

"వెయ్యమంటున్న గద!"

కార్ఖానాకూ ఆడే స్థలానికీ మధ్య ఒక్క గోడే అడ్డం. మర్నాడు మధ్యాహ్నం ఆ పచ్చ చీరే కట్టుకుని లోపలికి వెళ్లాను. చీర నా ఒంటి మీదే ఉంటే ఇంకొకతె ఎలా కట్టుకుంటుంది? కెప్టెన్ షట్టర్ దించి తాళం వేశాడు. లోపల నూనె వాసన, సాంచాల మీద సగం నేసిన తెల్ల బట్ట, ఎక్కడ చూసినా దుమ్ములా పేరుకున్న దూది. కిటికీలు నా ఎత్తుకు అందవు. గోడకు చెవి ఆనించి కూర్చున్నాను.

చూడనివ్వకపోతేనేం, వినడం వచ్చేసింది నాకు. విజిల్ ఎవరికి పడింది, అరుపు ఎటువైపు నుంచి వచ్చింది, కింద పడ్డది ఒకడా నలుగురా, అన్నీ తెలిసేవి. మావాళ్లు ముందున్నారు. తమ్ముడు వెళ్లిన ప్రతిసారీ వాడి కూత కుడివైపే వినిపించింది. ఒట్టు నిలబెట్టుకుంటున్నాడు నా బంగారుకొండ అనుకున్నాను.

అప్పుడు గోడ అవతల, నా చెవికి చాలా దగ్గరగా, ఎవరో అన్నారు. "అగో, ఒచ్చింది."

 చీర కొంగు గట్టిగా పట్టుకున్నాను. ఒంటి మీదే ఉంది. నేను లోపలే ఉన్నాను. మరి ఎవరు వచ్చింది?

తమ్ముడి కూత మళ్లీ మొదలైంది. కబడ్డీ కబడ్డీ కబడ్డీ. కుడివైపు కాదు. గోడ వెంట జరుగుతూ జరుగుతూ స్తంభం వైపు, ఎడమ మూలకు వెళ్లింది. "అటు కాదురా!" అని అరిచాను. దభీమని ఒకడు, ఆ మీద వరసగా అందరూ పడ్డ చప్పుడు. ఆ బరువు కింద నుంచి కూత సన్నగా వస్తూనే ఉంది. తర్వాత మధ్యలో తెగిపోయింది.

విజిల్ పడాలి. పడలేదు. జనం ఇంకా అరుస్తూనే ఉన్నారు, పట్టు పట్టు అని. అప్పుడు అర్థమైంది నాకు. ముఖం మట్టిలో ఉంది, పెదాలు ఎవరికీ కనబడవు. కూత ఆగిందని అంపైరుకు తెలియదు. విజిల్ పడేదాకా వాళ్లు వదలరు. కూత విన్న చెవులు నావే, నేనేమో తాళం లోపల.

షట్టర్ మీద పిడికిళ్లతో బాదాను. వాణ్ణి వదలండ్రా అని గొంతు చించుకున్నాను. ఆ చెవులకు ఎక్కడ వినబడుతుంది? ఏం చెయ్యను తల్లీ అని చుట్టూ చూశాను. మెయిన్ స్విచ్ కనబడింది. హ్యాండిల్ రెండు చేతులతో పైకెత్తి, దొరికిన సాంచా దొరికినట్టు బటన్లు నొక్కుకుంటూ పరుగెత్తాను. ఒకటి, పక్కది, దాని పక్కది కదిలాయి. నేల అదిరింది. గోడ అదిరింది.

వాళ్ల చెవులు వినకపోవచ్చు గానీ వాళ్ల అరికాళ్లకు సాంచా తెలుసు. సెలవు రోజున సాంచా నడవడమంటే గల్లీ అంతటికీ గండం. బయట అరుపులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో విజిల్ పడింది.

కెప్టెన్ షట్టర్ ఎత్తేసరికి నేను ఆయన్ని తోసుకుని పరుగెత్తాను. తమ్ముడు బోర్లా పడి ఉన్నాడు, పెదాలు నల్లబడ్డాయి. వెల్లకిలా తిప్పి నోట్లో మట్టి తీసి, లేపి కూర్చోబెట్టి వీపు మీద చరిచాను. ఎంతసేపటికో ఒక దగ్గు వచ్చింది. ఆ దగ్గంత తియ్యటి చప్పుడు నేను మళ్లీ వినలేదు. వాణ్ణి ఒళ్లో వేసుకుని పెద్దగా ఏడ్చాను.

తలెత్తితే కెప్టెన్ తాళంచెవి చేత్తో పట్టుకుని ఒకసారి నా వైపు, ఒకసారి స్తంభం వైపు చూస్తున్నాడు. స్తంభం దగ్గర ఎవరూ లేరు. తాడు మాత్రం ఎవరో ఇప్పుడే వదిలినట్టు ఊగుతోంది. గాలి లేదు.

ఆట పల్సానా వాళ్లకే ఇచ్చారు. జరిమానా సంగతి కెప్టెన్ ఎలా సర్దుకున్నాడో నేను అడగలేదు. తమ్ముడు మాట్లాడగలిగాక నేనడిగింది ఒక్కటే. "ఒట్టేసినవ్ గదరా. ఎడమకు ఎందుకు పోయినవ్?"

వాడు నన్ను వింతగా చూశాడు. "నువ్వే గద అక్కా, ఇటు రా ఇటు రా అని చెయ్యి ఊపినవ్."

ఆ మాట తర్వాత ఆ గల్లీలో నన్నెవరూ ఐరన్ లెగ్గు అనలేదు. నవ్వినా బాగుండేది. నేను కుళాయి దగ్గరికి వెళితే మాటలు ఆపేసేవాళ్లు.

మళ్లీ పోటీలు వచ్చాయి. ఆడొద్దని తమ్ముణ్ణి బతిమాలాను. వాడు వినలేదు, నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. చివరికి కెప్టెన్ గుమ్మంలో కూర్చుని తల దించుకుని అడిగాడు. "కోసాడోళ్లతోని ఆట. ఎట్లుంటది చెల్లె?"

"గెలుస్తరు" అన్నాను. "ఈసారి తాళం వద్దన్నా. నేను ఒస్త. ఆ స్తంభం పక్కన నేనే నిలవడ్త. జాగ ఖాళీ ఉంటే గద ఇంకొకతె నిలవడేది."

తమ్ముడికి ఒక్కటే చెప్పాను. నా చేతులు కొంగు కింద ముడుచుకునే ఉంటాయి. ఎవరు చెయ్యి ఊపినా అది నేను కాదు.

ఆట రోజున అందరికంటే ముందే వెళ్లి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. సాంచాలు ఆగిన గల్లీ చెవుల్లో గుయ్యిమంటోంది. జనం చేరారు. ఎదురింటి పెద్దమ్మ నా పక్కనే నిలబడింది. కాసేపటికి ఆమె కాస్త అవతలికి జరిగింది.

"మీ ఇద్దరికి జాగ సరిపోయిందా బిడ్డా?" అంది.

"సరిపోయింది పెద్దమ్మా" అన్నాను. పక్కకు తిరిగి చూడలేదు. కొంగు కింద వేళ్లు వేళ్లలోకి దూర్చి గట్టిగా పట్టుకున్నాను.

తమ్ముడు గీత దాటాడు. కబడ్డీ కబడ్డీ అంటూనే మధ్యలో నిలబడి తల ఎత్తాడు. నన్ను చూశాడు. తర్వాత నా పక్కన చూశాడు. అక్కడే కాసేపు చూపు నిలిచింది వాడిది. కూత ఆపలేదు. ముఖం తిప్పుకుని కుడివైపుకు వెళ్లాడు.